ఎలియాజర్ మైకు పట్టిన శాసనసభ

నలభై నాలుగేళ్ల వయసులో పుస్తకాల సంచి భుజాన వేసుకుని కాలేజీకి వెళ్లే మనిషిని చూసి జాలిపడేవాళ్లుంటారు, నవ్వుకునేవాళ్లుంటారు. ఎలియాజర్ ఎవరినీ నిరాశపరచలేదు. సిడ్నీలో, వెస్ట్‌మీడ్ పెద్దాసుపత్రికి రెండు వీధుల అవతల ఒక అద్దె ఫ్లాటు. అందులోంచి రోజూ పొద్దున ముగ్గురు బయల్దేరేవారు. భార్య సుగుణకుమారి ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి, పదిహేనేళ్ల కూతురు సెరీనా హైస్కూలుకి, ఈయన కొండ మీది టెక్నికల్ కాలేజీకి. ముగ్గురి చేతుల్లోనూ ఒకేలాంటి లంచ్ డబ్బాలు. పక్క ఫ్లాటు శారదాంబ ఆంటీ లిఫ్టులో కనబడి, "ఇవాళ పరీక్ష అమ్మాయికా, నాన్నకా?" అని అడిగితే, "ఇద్దరికీనండి. అమ్మాయి మట్టుకు పాసయిపోద్దండి, ఆయ్" అనేవాడు.

ఇలా అన్నాడని ఆయన్ని మొద్దబ్బాయి అనుకుంటే పొరపాటు. పాలకొల్లులో 'ఎలియాజర్ సౌండ్స్' అన్న బోర్డు కింద ఇరవై రెండేళ్లు మైకుసెట్టు నడిపిన మనిషాయన. పెళ్లిళ్లు, ఎన్నికల మీటింగులు, అన్నిటికన్నా ఎక్కువగా సువార్త సభలు. సువార్త సభల్లో ఆయన పనితనం చూడాలంటే విదేశీ బోధకుడు వచ్చిన రోజున చూడాలి. దొర ఇంగ్లీషులో ఒక వాక్యం అంటాడు, పక్కన అనువాదకుడు తెలుగులో దాన్నే చెబుతాడు. ఇద్దరికీ చెరొక మైకు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి దగ్గు, ఆయాసం, గుక్కెడు మంచినీళ్లు మింగిన చప్పుడు జనానికి వినబడకూడదు. ఎలియాజర్ రెండు చేతులూ మిక్సర్ మీద పెట్టుకుని, వాళ్ల పెదాల వంకే చూస్తూ, నోరు తెరవబోతుండగానే ఒక మైకు లేపి రెండోది దించేవాడు. మూడు గంటల ప్రసంగంలో ఒక్క మాట తెగేది కాదు. ఆ సంగతి గమనించిన బోధకుడు ఒక్కడూ లేడు. పని సరిగ్గా జరిగితే గమనించడానికేమీ ఉండదు మరి.

సుగుణకుమారికి సిడ్నీలో ఉద్యోగమొచ్చాక ఆ సెట్టంతా తమ్ముడికి అప్పగించి ఆయన కూడా వచ్చేశాడు. ఇక్కడ కాగితం లేనిదే మైకు ముట్టుకోనివ్వరని వచ్చాక తెలిసింది. రెండేళ్లు షాపింగ్ సెంటర్లో జనం వదిలేసిన ట్రాలీలు ఏరి, వరసగా గుచ్చి తోశాడు. దాన్ని ఆయన ఎప్పుడూ చిన్నతనంగా అనుకోలేదు కానీ, షాపింగ్ సెంటర్ మైకులో అనౌన్స్‌మెంట్ గరగరమన్నప్పుడల్లా ట్రాలీలాపి నిలబడిపోయేవాడు. ఒకరోజు సుగుణకుమారి అది కళ్లారా చూసింది. మర్నాడే సౌండ్ కోర్సు ఫారం తెచ్చి భర్త ముందు పెట్టింది.

ఆ కాలేజీలో మార్కులుండవు. పని వస్తే 'కాంపిటెంట్', రాకపోతే 'నాట్ యెట్ కాంపిటెంట్'. ఇరవై రెండేళ్లు మైకు పట్టిన మనిషికి చివరి పరీక్షలో ఆ రెండోది వచ్చింది. కారణం ఎకో. పరీక్షేమిటంటే, జనం ముందు నిజంగా జరిగే కార్యక్రమంలో నాలుగు గంటలు మిక్సర్ నడపాలి, అక్కడి అధికారి బాగుందని సంతకం చెయ్యాలి. ఒక చిన్న నాటకశాలకు పంపారు. నాయిక తల్లి చావు తలచుకుని ఏడ్చే చోట మన ఎలియాజర్‌కి మనసు కరిగి కాస్త ఎకో పెట్టాడు. ఏడుపు హాలంతా నాలుగు చుట్లు తిరిగొచ్చింది. జనం నవ్వారు. డైరెక్టర్ సంతకం పెట్టలేదు. కానీ అందులో ఎలియాజర్ తప్పు సగమే అంటాను. గోదావరి జిల్లాల్లో ఎకో లేకుండా మైకిస్తే బోధకులు సెట్టు బాగాలేదని మొహం ముడుచుకునేవారు. దేవుని వాక్యానికైనా, పెళ్లికూతురి పేరుకైనా, చనిపోయినవారి జ్ఞాపకార్థ కూటానికైనా కాస్త ఎకో ఉండాల్సిందే. ఇరవై రెండేళ్లు అలా అలవాటైన వేలు నాటకశాలలో మాత్రం మాట వింటుందా?

రెండోసారి తప్పితే మళ్లీ కోర్సు మొదటి నుంచీ చదవాలి. ఇంకో రెండేళ్లు సుగుణకుమారి ఒక్కతే బండి లాగాలి. ఆ మాట ఆమె అనలేదు కానీ ఎలియాజర్ మనసులో మాత్రం తేల్చేసుకున్నాడు, ఈసారి కాకపోతే మళ్లీ ట్రాలీలేనని.

ఆ ఏడాది మార్చిలో వానలు పట్టుకున్నాయి. పదకొండు రోజులు తెరిపివ్వలేదు. నదులు పొంగి ఊళ్లు మునిగాయి, జనం స్కూళ్లలో, సత్రాల్లో తలదాచుకున్నారు. పన్నెండో రోజు ఆదివారం గాలివాన ఒకటి వచ్చి ఊరి నడిబొడ్డున ఉన్న శాసనసభ భవనం మీద పడింది. పైకప్పు ఎగిరి, సభాభవనంలోకి నీళ్లు చేరి, కరెంటు గది కాలిపోయింది. మామూలు రోజుల్లో అయితే నెలరోజులు సభ మూసేసి తీరిగ్గా బాగుచేసుకునేవారు. కానీ ప్రభుత్వానికి ఉన్న అత్యవసర అధికారాలు ఆ గురువారంతో ముగుస్తాయి. తర్వాత కూడా జనాన్ని సత్రాల్లో ఉంచాలన్నా, దారులు తెరవాలన్నా సభ కూర్చుని వరద బిల్లు పాస్ చెయ్యాలి. గురువారం దాటితే సభ్యులంతా మునిగిన తమ ఊళ్లకు పోతారు, దారులు మళ్లీ మూసుకుంటాయి, పది రోజుల దాకా సభకు కావలసిన సంఖ్య కూడదు.

అప్పుడు వెతగ్గా దొరికింది కొండ మీది కాలేజీ. నీళ్లు ఎక్కని చోటు, కరెంటు ఉన్న చోటు, తొంభై మంది పట్టే హాలు. హాలు అంటే పెద్ద రేకుల షెడ్డే, కాకపోతే మర్యాదగా రంగు వేశారు. అధికార పక్షానికి ప్లంబింగ్ క్లాసు ఇచ్చారు, ప్రతిపక్షానికి హెయిర్‌డ్రెస్సింగ్ క్లాసు ఇచ్చారు. ప్రతిపక్షమంతా బొమ్మ తలకాయల మధ్య కూర్చుని వ్యూహం రచించింది. సభాపతి ముందు ఉండాల్సిన రాజదండాన్ని దుప్పట్లో చుట్టి కారులో తెచ్చారు గానీ దాన్ని నిలబెట్టే పీట నీళ్లలో పోయింది. వెల్డింగ్ పిల్లలు అరగంటలో ఇనప పీట చేసి ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ కాలేజీలో అందరూ ఒక అంగుళం పొడుగు పెరిగినట్టు నడిచారు.

సభకు సొంత సౌండ్ ఇంజనీర్లు ఇద్దరున్నారు. ఇద్దరూ నది అవతల ఇళ్లలో చిక్కుకుపోయారు. అందుకని ఆ భారమంతా జనార్దనరావు మీద పడింది. ఆయనది హనుమకొండ, ఎనిమిదేళ్లుగా సభ కంప్యూటర్ విభాగంలో పని. కంప్యూటర్ల గురించి అడిగితే గంట చెబుతాడు, మైకుల గురించి ఓనమాలు తెలియవు. ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి మూడు దారులు మార్చి మంగళవారం పొద్దున కాలేజీకి చేరిన ఆయనకు సౌండ్ టీచర్ గ్లెండా తన విద్యార్థుల్ని చూపించింది. ఇది అసలు సిసలు కార్యక్రమం కాబట్టి పరీక్ష కిందే లెక్క, సంతకం మీరే పెట్టాలి అని ఎలియాజర్‌ని ముందుకు తోసింది.

"మీదెక్కడన్నా?" అన్నాడు జనార్దనరావు పేరు విని.

"పాలకొల్లండి. సౌండ్ పనేనండి అక్కడ కూడా, ఆయ్."

జనార్దనరావు ఊపిరి పీల్చుకున్నాడు. "నీ పుణ్యముంటది. హన్సార్డ్ వాళ్లని ఉంటరు, సభల ఎవరేమన్నా అన్నది అన్నట్టే రాసి పెడ్తరు. వాళ్లకు ప్రతి వర్డ్ క్లియర్‌గ వినబడాలె. గంతే. హాల్ల జనానికి వినబడకపోయినా నడుస్తది గానీ, రికార్డ్‌ల గ్యాప్ వస్తే నా నౌకరి పోతది."

కాలేజీలో ఉన్నవి ఎనిమిది మంచి మైకులు. సభ్యులు తొంభై మంది. వరసల మధ్య మైకులు నిలబెట్టి, లేచి మాట్లాడే సభ్యుడికి దగ్గర్లో ఉన్నదాన్ని తెరిచి మిగతావి మూసేద్దాం అన్నాడు ఎలియాజర్. బాగానే ఉంది, కానీ లేచేదెవరో, ఎక్కడ కూర్చుంటారో తెలియాలిగా? ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర సుగుణకుమారి తన ఫోనులో సభ్యుల ఫొటోలు ఒక్కొక్కటే చూపించి పరీక్ష పెట్టింది.

"ఈ బట్టతలాయన?"

"హార్గ్రీవండి. ఎడంపక్క మూడో వరస."

"డాడ్, ఇట్స్ హార్‌గ్రేవ్," అంది సెరీనా అన్నంలోంచి తలెత్తకుండా.

"పేరు ఆల్లే సరిజేసుకుంటార్లేమ్మా. నేను ఆయన కుర్చీ గుర్తుంచుకుంటే చాలు."

"అన్నీ బానే ఉన్నాయి గానీ," అంది సుగుణకుమారి, "మీరు ఆ ఎకో జోలికి ఎల్లకండి. మీకు దణ్ణం పెడతాను."

"ఛ, అంత ఎర్రోణ్ణేటే?" అన్నాడు ఎలియాజర్ నొచ్చుకుని.

అంత వెర్రివాడే అని బుధవారం మధ్యాహ్నం తేలింది. ఆ రోజు అందరినీ కూర్చోబెట్టి ఒకసారి నడిపి చూసుకున్నారు. సభాపతి పెద్దావిడ. ప్రిన్సిపాల్ కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "ఆర్డర్" అంది. ఆమె కూర్చున్న తీరు, పక్కన రాజదండం, లేచి నిలబడ్డ తొంభై మంది. ఎలియాజర్‌కి ఒక్కసారి పాలకొల్లు సభల ఆరంభ ప్రార్థన గుర్తొచ్చింది. ఒళ్లు పులకరించింది. వేలు తనంతట తాను వెళ్లి మిక్సర్ చివర ఉన్న ఎకో పిడిని తిప్పేసింది. ఆర్డర్, ఆర్డర్, డర్, డర్ అంటూ ఆ మాట రేకుల కప్పుకు తగిలి మళ్లీ మళ్లీ దిగింది. ప్రతిపక్షం బల్లలు చరిచి నవ్వింది. హన్సార్డ్ వాళ్లను పక్కనున్న వంట క్లాసులో కూర్చోబెట్టారు. వాళ్ల పెద్ద ఫియోనా చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోను లాగేసి బయటికొచ్చింది.

జనార్దనరావు నవ్వలేదు. "ఏందన్నా ఇది? ఇదేమన్న భజన ప్రోగ్రామా? రేపు గిట్లనే చేస్తే రికార్డ్ మొత్తం ఖరాబైతది."

"తప్పయిపోయిందండి. అలవాటులో..."

"అలవాటు సంగతి నేను ఎవరికని చెప్పాలె? నువ్వు డెస్క్ కాడ కూసోకు. కేబుల్స్ చూస్కో. ఆ పిల్ల నడిపిస్తది." ఆ పిల్ల అంటే టైరా. ఇరవయ్యేళ్లది, క్లాసులో ఫస్టు.

గ్లెండా ఎలియాజర్‌ని పక్కకు తీసుకెళ్లింది. ఈ టర్మ్ పరీక్ష పుస్తకం శుక్రవారం లోపల ఇచ్చేయాలని, డెస్కు మీద నాలుగు గంటలు లేకపోతే తన చేతిలో ఏమీ లేదని చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. జాలిగా చెప్పింది. "ఎస్ మేడమ్" అన్నాడాయన. మేడమ్ అనొద్దు, గ్లెండా అనమని ఆమె రెండేళ్లుగా చెబుతోంది, అంతకాలంగా ఆయన అనలేకపోతున్నాడు.

ఇంటికి వెళ్లి భార్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సుగుణకుమారి తిట్టలేదు. "రేపు కేబుళ్లు అయినా బాగా చూడండి" అని మాత్రం అంది. ఆమె ఆసుపత్రిలో ఎముకల వార్డుకు వరద బాధితులు వరసగా వస్తున్నారు, ఆమెకు ఆ వారం తిట్టే ఓపిక కూడా లేదు. ఎలియాజర్‌కి మాత్రం తనమీద తనకే అసహ్యం వేసింది. పని చేతకాకపోతే వేరు, చేతనయ్యీ చెడగొట్టుకున్నాడు.

గురువారం ఒంటిగంటకు సభ మొదలైంది. టైరా ఏ తప్పూ చెయ్యలేదు, అది చెప్పి తీరాలి. ఎనిమిది మైకులూ బాగా పలికాయి. ప్రీమియర్, అంటే అక్కడి ముఖ్యమంత్రి, బిల్లు ప్రవేశపెట్టాడు, ప్రతిపక్ష నాయకుడు లేచాడు. ఎలియాజర్ గోడవారగా కేబుళ్ల మీద నిలబడి, ఎవరు లేవబోతున్నా ముందే వాళ్ల మైకు వైపు చూసేవాడు, ఆ తర్వాత టైరా చెయ్యి అటు వెళ్లేది. ఆ మధ్యలో లేచిన ప్రతి సభ్యుడివీ మొదటి రెండు మాటలు పోతున్నాయని ఆయనకు తెలుస్తోంది. అయినా కేబుళ్ల దగ్గరే ఉండిపోయాడు.

రెండు కాకముందే వాన దిగింది. రేకుల మీద ఆస్ట్రేలియా వాన పడితే ఎలా ఉంటుందో విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. పక్కమనిషి మాట వినబడదు. టైరా మైకులన్నీ పెంచింది. పెంచిన కొద్దీ ఎనిమిది మైకులూ ఎనిమిది వానల్ని పట్టి బాక్సుల్లోంచి హాల్లోకి కుమ్మరించాయి. ఆపైన ఒక మైకు కుయ్యిమని కూసింది. వంట క్లాసులోంచి ఫియోనా పరుగున వచ్చి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. రికార్డు ఆగిపోయింది. సభాపతి సభ వాయిదా వేద్దామా అన్నట్టు కార్యదర్శి వంక వంగింది.

ఎలియాజర్ కేబుళ్లు వదిలేసి జనార్దనరావు దగ్గరికొచ్చాడు. వానలో సభ అంటే ఆయనకు కొత్త కాదు. నవంబరు తుపాన్లలో రేకుల షెడ్ల కింద ఎన్ని కూటాలు నడిపాడో లెక్కలేదు.

"సార్, వాయిదా ఎయ్యనివ్వకండి. మైకులెక్కువయ్యేకొద్దీ వాన ఎక్కువవుద్దండి. ఆరు మూసేసి రెండే ఉంచాలండి. సభాపతి ముందున్న బల్లకి అటొకటి ఇటొకటి. మాటాడేవోళ్లు కుర్చీలోంచి కాదండి, లేచొచ్చి మైకుకి బెత్తెడు దూరంలో నిలబడి మాటాడాలి. సాచ్చెం చెప్పినట్టు."

"సభ్యులు తమ సీట్ కాడ్నుంచే మాట్లాడాలన్నా. రూల్ అది."

"రూలు నాకు తెలవదండి. వాన తెలుసండి."

జనార్దనరావు చీటీ రాసి కార్యదర్శికి పంపాడు. కార్యదర్శి సభాపతి చెవిలో చెప్పింది. సభాపతి లేచి, ఇకనుంచి సభ్యులు బల్ల దగ్గరికొచ్చి మాట్లాడాలని అరిచి చెప్పింది. హార్‌గ్రేవ్ అడ్డం లేచాడు. ఎవరి చోటు నుంచి వాళ్లు మాట్లాడ్డం ఈ సభ ఆచారమని, వందేళ్ల పైబడి ఎవరూ తప్పలేదని అన్నాడు. "ఆచారం మన ఇంట్లో ఉంది. ఇల్లు నీళ్లలో ఉంది. గౌరవ సభ్యులు దయచేసి ముందుకు రావాలి," అంది సభాపతి.

ఎలియాజర్ ఆరు మైకులూ ఊడబీకించాడు. వేదిక మీది పెద్ద బాక్సులు తగ్గించి, క్లాసుల్లోని చిన్న బాక్సులు తెప్పించి వరసల మధ్య జనం చెవులకు దగ్గరగా పెట్టించాడు. బరువు గొంతు తగ్గించి పదును గొంతు ఉంచాడు. పావుగంటలో అయిపోయింది. టైరా కుర్చీలోంచి తనే లేచింది. రెండు మైకుల మధ్య మనుషులు అంత త్వరగా మారితే తన చెయ్యి అందుకోలేదని చెప్పేసింది. ఇరవయ్యేళ్ల వయసులో అంత మాట ఒప్పుకోవడం గొప్పే.

"కూసో అన్నా," అన్నాడు జనార్దనరావు. "కానీ నీకు దండం పెడత, అది మాత్రం తిప్పకు."

రెండుంబావుకి ఎలియాజర్ కూర్చున్నాడు. ఎడమ చేతికి ప్రభుత్వం, కుడి చేతికి ప్రతిపక్షం. కూర్చున్న నిమిషానికి ఆయనకు భయం పోయింది. ప్రశ్న అటు నుంచి, జవాబు ఇటు నుంచి. ఒకరు ఊపిరి తీసుకునే లోపల రెండోవారు అందుకుంటారు. ఏముంది, పాలకొల్లులో దొర, అనువాదకుడు. కాకపోతే ఇక్కడ రెండోవాడు మొదటివాడి మాటకు అడ్డం చెబుతాడు. పెదాల వంకే చూస్తూ ఎలియాజర్ లేపుతున్నాడు, దించుతున్నాడు. పైన వాన వాయించేస్తోంది. బాక్సుల్లోంచి మాట తేటగా వస్తోంది. వంట క్లాసు తలుపు సందులోంచి ఫియోనా బొటనవేలు ఎత్తి చూపించి మళ్లీ లోపలికి పోయింది. ఆయనకు ఈ దేశం వచ్చాక అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

నాలుగు దాటాక మార్గరెట్ డన్ అనే సభ్యురాలు లేచింది. నది మలుపులో పూర్తిగా మునిగిపోయిన ఊరు ఆమెది. సన్నటి మనిషి, నాలుగు రోజులుగా నిద్రలేని మొహం. మైకు దగ్గరికొచ్చి ఒక కాగితం విప్పింది. తన ఊళ్లో వరదకు పోయిన ఏడుగురి పేర్లు చదువుతానని, అవి ఈ సభ రికార్డులో ఉండాలని కోరుకుంటున్నానని చెప్పింది. మొదటి పేరుకే గొంతు పూడుకుపోయింది. రెండో పేరుకు పెదాలు కదిలాయి గానీ హాల్లో ఎవరికీ వినబడలేదు.

హన్సార్డ్ వాళ్లకు మాట అందకపోతే ఆ చోట బ్రాకెట్లో 'వినబడలేదు' అని రాస్తారు. అది వాళ్ల నియమం, ఎవరికోసమూ మారదు. ఎలియాజర్‌కి అది జనార్దనరావు మంగళవారమే చెప్పాడు. ఒక మనిషి పేరుండాల్సిన చోట వినబడలేదు అని ఉంటుందా! ఎలియాజర్ లేచి నిలబడి, అటువైపు మైకు పూర్తిగా చంపేసి, ఈ మైకును కూత పెట్టే అంచు దాకా మెల్లమెల్లగా లేపాడు. ఇంకో వెంట్రుకవాసి లేపితే కూస్తుంది. అక్కడ ఆపి పట్టుకున్నాడు. చెయ్యెత్తి, రెండో పేరు మళ్లీ చదవమన్నట్టు సైగ చేశాడు. సభలో సభ్యురాలికి సైగ చేసే హక్కు ఆయనకు లేదు. ఆమె చూసింది, తలూపింది, రెండో పేరు మళ్లీ చదివింది.

ఆ గొంతు వింటుంటే ఎలియాజర్ కళ్లు నిండాయి. జ్ఞాపకార్థ కూటాల్లో చనిపోయినవారి పేరు చదివేటప్పుడు ఆయన ఎకో తిప్పకుండా ఉన్న రోజు లేదు. వేలు కదిలింది. ఆయన ఆ చేతిని వెనక్కి తీసి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క చేత్తోనే మైకు పట్టుకుని మిగతా పేర్లన్నీ వినిపించాడు. ఆమె గుసగుసలా చదివిన ఏడో పేరు కూడా ఆఖరి అక్షరం దాకా వినబడింది. హాల్లో వాన తప్ప వేరే చప్పుడు లేదు.

ఆరున్నరకు బిల్లు ఓటుకొచ్చింది. ఒప్పుకునేవారు అవునండి అనాలి అని సభాపతి అడిగినప్పుడు ఎలియాజర్ ముందే మళ్లీ తగిలించి ఉంచిన ఆరు మైకులూ ఒక్క క్షణం తెరిచాడు. తొంభై మంది మాట, వానతో సహా, రికార్డులోకి వెళ్లింది. కాదన్నవారు లేరు. హార్‌గ్రేవ్ బయటికి పోతూ మిక్సర్ దగ్గర ఆగి, ఎలియాజర్ వంక చూసి, టోపీ లేకపోయినా టోపీ ఎత్తినట్టు చెయ్యి ఆడించి పోయాడు.

జనార్దనరావు పరీక్ష పుస్తకం తీసుకుని కలం తీశాడు. ఫియోనాని పిలిచి రికార్డులో ఎక్కడైనా గ్యాప్ ఉందా అని అడిగాడు. తర్వాత రాశాడు. 'రేకుల కింద వానలో నాలుగుంబావు గంటలు. ఈయన డెస్కు మీద కూర్చున్నాక వినబడని మాట ఒక్కటి కూడా లేదు.' కింద సంతకం. గ్లెండా దాన్ని చదివి, పక్క పేజీలో కాంపిటెంట్ అన్న గడిలో టిక్కు కొట్టింది. "థాంక్యూ మే... గ్లెండా" అన్నాడు ఎలియాజర్. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"బిల్డింగ్ రిపేర్ మూడు నెలలు పడ్తదట," అన్నాడు జనార్దనరావు కేబుళ్లు చుట్టడంలో తనూ ఒక చెయ్యి వేస్తూ. "అప్పటి దాన్క సభ గిక్కడ్నే. మళ్ల సభ కూడినప్పటి సంది డెస్క్ నీదే. జీతం మీద." ఆ తర్వాత, "అన్నం తిన్నవా పొద్దటి సంది?" అని అడిగాడు. ఎలియాజర్ తినలేదు. లంచ్ డబ్బా మూత కూడా తియ్యలేదు. ఇద్దరూ వంట క్లాసులో కూర్చుని ఆ చల్లారిన పులిహోర పంచుకు తిన్నారు.

శుక్రవారం సాయంత్రం హన్సార్డ్ ముద్రించిన కాగితాలు కాలేజీకి వచ్చాయి. ఎలియాజర్ ఒక ప్రతి అడిగి తెచ్చుకున్నాడు. భోజనాల బల్ల దగ్గర ఆ పేజీ తీసి, పేర్లు ఏడూ ఉన్నాయో లేదోనని వేలు పెట్టి పైకి చదివాడు. పలకడం తప్పయిన చోట సెరీనా సరిచేసింది. నాలుగో పేరు స్టాన్లీ పెట్రోవిక్.

సుగుణకుమారి కంచం పక్కకు జరిపింది. "ఏంటీ, మళ్లీ చదవండి."

"స్టాన్లీ పెట్రోవిక్."

"ఆయన భార్య మా వార్డులోనే ఉంది. జోన్ అని, తుంటి విరిగింది. గుర్రాల్ని ఇప్పడానికి ఎల్లి కొట్టుకుపోయాడంట ఆయన. ఇంకా శవం దొరకలేదు. సమాధి లేదు, ఏం లేదు. పొద్దున నన్ను పట్టుకుని అడిగింది. అసెంబ్లీలో మా ఆయన పేరు చదివారంట గదా, అంత వానలో ఎవరికన్నా వినబడి ఉంటదా అని. నాకు తెలవదమ్మా అన్నాను."

ఎలియాజర్ ఆ కాగితాన్ని జాగ్రత్తగా రెండు మడతలు పెట్టి భార్య చేతికిచ్చాడు.

"వినబడిందని చెప్పు," అన్నాడు.